ఓపిక లేని నాటి అన్నం

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని తెలుగువారంటారు. 'తందురుస్తీ హజార్ నేమత్ హై' అని ఉర్దూవారంటారు. రెండు భాషలు ఒకే కప్పు క్రింద చదువుకునే మన కళాశాలలో ఈ రెండు సామెతలను పక్కపక్కనే వ్రాసి పెట్టుకోవచ్చును. అయితే ఈ మాటలు ఆ భాగ్యం చేతిలో ఉన్నవారిని హెచ్చరించడానికి పుట్టినవి. అది ఒకసారి చేజారి, జీవితాంతం వెంట నడిచే వ్యాధితో కలిసి బ్రతకవలసి వచ్చినవారి సంగతి ఏమిటి? వారు ప్రతిదినమూ మంచాన పడి ఉండరు. లేస్తారు, తిరుగుతారు, పదిమందితో నవ్వుతారు. కాని నెలలో కొన్ని దినాలు శరీరం మాట వినదు. అట్టి దినాన పొయ్యి దగ్గర పావుగంట నిలబడడం కూడా కొండ ఎక్కినంత పని అవుతుంది. ఆనాడు వారు ఏమి తింటారు? ఎవరు వండుతారు? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. దీనికి సమాధానం తెలుసుకోవడానికి మా ఇంటికి నాలుగు సంవత్సరాలు పట్టింది. ఆ నాలుగేండ్ల అనుభవాన్ని తోటి విద్యార్థులకు, కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఇందులోని 'మేము' పెద్దరికం కొరకు వాడిన 'మేము' కాదు. మేము ఇద్దరము, తోబుట్టువులము. ఒకరము తెలుగు మాధ్యమంలో, ఒకరము ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నాము. ఇంట్లో వంట ఇద్దరము కలిసి నేర్చుకున్నాము. ఈ వ్యాసం కూడా అట్లాగే ఇద్దరము కలిసి వ్రాశాము.

మాది తరిగొప్పుల. 2016లో జిల్లాల పునర్విభజన జరిగి జనగామ జిల్లా ఏర్పడినది. అంతకుముందు మేము వరంగల్ జిల్లావారము. మాది వర్షాన్ని నమ్ముకున్న మెట్ట ప్రాంతం. వాన కురిసిన సంవత్సరం ఇంట్లో గింజలు, కురవని సంవత్సరం పట్నానికి వలస అన్నట్లుగా మా పెద్దల జీవితాలు గడిచాయి. మా దాదీ కాలంలో ఉదయం జొన్న గటక, రాత్రి జొన్నరొట్టె తినేవారట. వరి అన్నం పండుగకో, చుట్టాలు వచ్చిన నాటికో. వరి అన్నం ప్రతిదినమూ తినే రోజులు వచ్చిన తరువాత కూడా మా అమ్మీ రొట్టెను విడిచిపెట్టలేదు. వేడినీళ్లతో పిండి కలిపి, పీట మీద అరచేతితో తట్టి తట్టి రొట్టెను పలుచగా చేసేది. ఆ చప్పుడే మాకు ఉదయం నిద్ర లేపే గడియారం.

ఐదు సంవత్సరాల క్రితం ఒక చలికాలపు ఉదయం ఆ చప్పుడు వినబడలేదు. మేము ఆలస్యంగా లేచి చూస్తే అమ్మీ పిండి ముందు కూర్చొని, రెండు చేతులను ఒడిలో పెట్టుకొని చూసుకుంటున్నది. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నవి. పిడికిలి పట్టడానికి రావడం లేదు. 'చలికి పట్టేసినట్లున్నది' అన్నది. మేము నమ్మాము. రెండవ నాడూ, మూడవ నాడూ అట్లాగే అయింది. వారం గడిచిన తరువాత మాలో ఒకరము, 'ఈ రోజు కూడా రొట్టె లేదా?' అని విసుక్కున్నాము. అమ్మీ ఏమీ అనలేదు. మరునాటి తెల్లవారుజామున రొట్టె చప్పుడు వినబడింది. సంతోషించి తిన్నాము. ఆ నాలుగు రొట్టెలు చేయడానికి ఆమె ఎప్పుడు లేచిందో, ఎన్నిసార్లు చేతులు వేడినీళ్లలో పెట్టుకున్నదో తరువాత ఎన్నో నెలలకు తెలిసింది. ఆ ఒక్క మాటను వెనుకకు తీసుకోలేక ఈనాటికీ బాధపడుతున్నాము.

ఊరిలో తలా ఒక మాట చెప్పారు. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ల వలన ఎముకలు వంగిపోయినవారిని చూసినవారు, ఇదీ నీళ్ల దోషమే అన్నారు. కొందరు దిష్టి అన్నారు. దూరపు బంధువు ఒకరు, 'పని తప్పించుకోవడానికి ఇదొక సాకు' అన్నట్లుగా నవ్వారు. అంగడిలో ఒకరు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన పొడి వాడితే పది దినాలు నొప్పి మాయమైంది. మానిన వెంటనే రెట్టింపై తిరిగి వచ్చింది. ఇట్టి పేరులేని పొడులలో స్టెరాయిడ్లు కలిపి ఉండే ప్రమాదం ఉన్నదని తరువాత వైద్యుల ద్వారా విన్నాము. చివరకు వరంగల్‌లో ఒక వైద్యుడు రక్తపరీక్షలు చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని చెప్పారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తియే దారి తప్పి సొంత కీళ్ల మీద దాడి చేయడం దీని లక్షణం. పురుషులలో కంటె స్త్రీలలో ఇది రెండు మూడింతలు ఎక్కువ. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకొని, గంటకు పైగా వదలకపోవడం దీని ముఖ్యమైన గుర్తు. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న దినాలలో నొప్పి కంటె అలసట ఎక్కువగా బాధిస్తుంది. ఆ అలసట నిద్రతో పూర్తిగా తీరేది కాదు.

'ఇది బద్ధకం కాదు. ఇది వ్యాధిలో ఒక భాగం' అని వైద్యుడు మా అందరి ఎదుట అమ్మీతో అన్నారు. మందుల చీటీ కంటె ఆ మాట ఆమెకు ఎక్కువ ఊరటనిచ్చిందని మా నమ్మకం. ఆనాడు బస్సులో జనగామ దాటే వరకూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నది.

మందులు మొదలైనవి. వంట మా చేతికి వచ్చింది. ఇక్కడే మేము మొదటి పొరపాటు చేశాము. జబ్బు చేసిన మనిషికి బలమైన తిండి పెట్టాలన్న ఉత్సాహంతో ఒకనాడు యఖ్నీ, ఒకనాడు మటన్ కూర, అబ్బా జనగామ నుండి తెచ్చిన బిర్యానీ ఒకనాడు ఆమె ముందు పెట్టాము. ఆమె రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపేది. మాకు కోపం వచ్చేది. పళ్లెం తీసివేసి, మళ్లీ రాత్రి వరకు ఏమీ ఇచ్చేవారము కాము. ఆ సంవత్సరం ఆమె చాలా చిక్కిపోయింది.

తరువాత కళాశాల గ్రంథాలయంలో ఫ్లారెన్సు నైటింగేల్ గురించి చదివాము. క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకొని క్షతగాత్రుల నడుమ తిరిగిన మహిళగా ఆమెను అందరూ ఎరుగుదురు. ఆ యుద్ధం నుండి తిరిగి వచ్చిన తరువాత ఆమె స్వయంగా దీర్ఘవ్యాధికి గురియై, ఎన్నో సంవత్సరాలు మంచం మీద నుండియే వ్రాతపని సాగించిన సంగతి తక్కువమందికి తెలుసు. 1859లో వెలువడిన ఆమె పరిచర్యా గ్రంథంలో రోగి ఆహారం గురించియే రెండు అధ్యాయాలున్నవి. ఏ వేళకు రోగి తినగలడు, ఎంత తినగలడు అన్నది గమనించనివారి చేతిలో, ఇంట్లో అన్నీ ఉండి కూడా రోగి పస్తు ఉండిపోతాడన్నది ఆమె అభిప్రాయం. అది చదివి మేము ఒకరి ముఖం ఒకరము చూసుకున్నాము. మా ఇంట్లో జరిగింది అదే కదా.

రెండవ పొరపాటు అమ్మీది. మందులు పనిచేసి నాలుగు దినాలు ఒళ్లు తేలికపడగానే, పోయిన పని అంతా ఒక్కసారి చేసివేయాలని ఆమె ఆత్రపడేది. ఒకసారి ఈద్‌కు ముందు ఇల్లంతా కడిగి, పరుపులు ఎండబెట్టి, చుట్టాల కొరకు ముప్పయి రొట్టెలు చేసింది. ఈద్ నాడు లేవలేదు. ఆ తరువాత మరి నాలుగు దినాలు లేవలేదు. పక్కింటి అవ్వ చూడడానికి వచ్చి మంచం పక్కన కూర్చున్నది.

'పంట పండిన యేడు అంత తింటే, కరువు యేడు ఏం తింటవ్ బిడ్డా?' అన్నది ఆమె. 'గుమ్మిల గిన్నన్ని గింజలు ఉంచాలె. పానం గూడ గట్లనే.'

'ఏం జెయ్యాలె అవ్వా, పని అట్ల ఉన్నది' అన్నది అమ్మీ.

'పని రేపు గూడ ఉంటది. నువ్వు ఉండాలె గద' అన్నది అవ్వ.

మెట్ట సేద్యం చేసిన ఆ వృద్ధురాలి మాటలో మాకు దారి దొరికింది. మన భాషలో 'ఓపిక' అన్న మాటకు రెండర్థాలున్నవి. ఒకటి సహనం, ఒకటి శరీరశక్తి. మన ఇండ్లలో స్త్రీలను మొదటి ఓపిక కొరకు మెచ్చుకుంటూ, వారి రెండవ ఓపికను ఊడ్చివేస్తాము. దీర్ఘవ్యాధి గలవారికి రెండవ ఓపిక గింజల వంటిది. కొలిచి వాడుకోవాలి, మంచి దినాన కొంత దాచుకోవాలి. ఓపిక లేని నాటి అన్నాన్ని ఓపిక ఉన్న నాడే ఆలోచించి పెట్టుకోవాలి. మేము చెప్పదలచిన ముఖ్యవిషయం ఇంతే. మిగిలినదంతా ఆచరణ.

మొదట మేము దినాలను మూడు రకాలుగా విభజించుకున్నాము: మంచి దినం, నడిమి దినం, ఓపిక లేని దినం. అమ్మీ ఉదయం లేచి 'ఈ రోజు నడిమి' అని ఒక్క మాట చెబితే చాలు. ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అని మేము అడగము, ఆమె వివరించనవసరం లేదు. రోగి ప్రతి ఉదయమూ తన బాధను సాక్ష్యాలతో నిరూపించుకోవలసి రావడం కూడా ఒక అలసటయే.

మంచి దినాన చేసి పెట్టుకునేవి కొన్ని ఉన్నవి. పల్లీల పొడి, నువ్వుల పొడి చేసి, తడి తగలని సీసాలలో పోసి ఉంచుతాము. పెసరపప్పును దోరగా వేయించి డబ్బాలో పోస్తాము. బియ్యం, పెసరపప్పు ఒక్క పూటకు సరిపోయేటట్లు కొలిచి, చిన్న చిన్న సంచులలో కట్టి పెడతాము. చింతపండు పులుసు తీసి, వేయించిన నువ్వుల పొడి కలిపి ఖట్టా చేసి, ఫ్రిజ్‌లో రెండు దినాలకు మించకుండా ఉంచుతాము. అటుకులు, మరమరాలు, బెల్లం, ఖర్జూరాలు, వేయించిన సెనగలు అమ్మీ చేతికి అందే ఎత్తులో, మూత సులభంగా వచ్చే డబ్బాలలో ఉంటవి. బిగువు మూతలున్న డబ్బాలను ఇంట్లో నుండి తీసివేశాము. మూత రాక పస్తున్న పూటలు కూడా ఆమెకు ఉన్నవని ఒకనాడు మాటల సందర్భంలో తెలిసింది.

ఓపిక లేని దినాన మా మొదటి ఆధారం కిచిడీ. ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, జీలకర్ర, ఉప్పు. కుక్కర్‌లో నాలుగు కూతలు రానిచ్చి దించితే మెత్తగా ఉడుకుతుంది. తరగవలసినది లేదు, కలపవలసినది లేదు. పైన ఒక చెంచా నెయ్యి, పక్కన పెరుగు గాని, దాచి ఉంచిన ఖట్టా గాని. హైదరాబాదు ఇండ్లలో రంజాన్ సహరీకి కిచిడీ, ఖీమా, ఖట్టా పేరుపొందిన భోజనం. అందులో ఖీమాను వదిలివేస్తే అదే రోగి భోజనమవుతుంది. రెండు గుడ్లను ఉడకబెట్టి పక్కన పెడితే బలానికి లోటు ఉండదు.

రెండవది మా దాదీ నాటి గటక. జొన్నరవ్వను రాత్రి నానబెట్టి, ఉదయం ఒకటికి నాలుగైదు పాళ్ల నీళ్లలో ఉడికిస్తే చిక్కబడుతుంది. మజ్జిగ పోసుకొని, ఉప్పు వేసుకొని తాగినట్లు తినవచ్చును. అరచేతులతో తట్టవలసిన రొట్టె అమ్మీకి దూరమైనా, జొన్న దూరం కాలేదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు పట్నంలో జొన్నకు గౌరవం పెరిగింది. మా ఊరిలో మాత్రం గటక చాలాకాలం పేదవారి తిండి అన్న చిన్నచూపుకు గురియై ఉండినది. నిజానికి కట్టెలు తక్కువ, తీరిక తక్కువ, పొలం పని ఎక్కువ అయినవారు కనిపెట్టిన వంట అది. ఓపికను పొదుపు చేసే ఉపాయం వారికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మూడవది తల్బీనా. బార్లీ పిండి రెండు చెంచాలు ఒక గిన్నెడు పాలలో కలిపి, సన్నని సెగ మీద పది నిమిషాలు ఉడికించి, తేనె గాని, తరిగిన ఖర్జూరం గాని వేయాలి. అరబ్బీలో పాలను సూచించే 'లబన్' అన్న మాట నుండి దీనికి ఈ పేరు వచ్చింది. ఇది రోగి మనస్సుకు ఊరట కలిగిస్తుందన్న ప్రవక్త వచనాన్ని హజ్రత్ ఆయిషా చెప్పగా హదీసు గ్రంథాలలో నమోదు చేసుకున్నారు. ఆహారం ద్వారా చికిత్స అన్న అర్థంలో యునానీ వైద్యులు 'ఇలాజ్ బిల్ గిజా' అంటారు. జపానులో జబ్బు చేసినవారికి మెత్తని బియ్యపు జావ పెడతారు. ఆంగ్లంలో జావకు వాడే 'కాంజీ' అన్న పదం మన దక్షిణ దేశపు 'కంజి' నుండి వెళ్లినదే. దేశం ఏదైనా, రోగి గిన్నె ఒకే రీతిగా ఉండడం ఆశ్చర్యం కలిగిస్తుంది.

పొయ్యి వెలిగించే ఓపిక కూడా లేని పూటకు అటుకులు. కడిగి, ఐదు నిమిషాలు నాననిచ్చి, పెరుగు, ఉప్పు, పల్లీల పొడి కలిపితే భోజనం సిద్ధం. రొట్టెలు మిగిలితే చిదిమి బెల్లం కలిపి మలీద చేస్తాము. మా ఊరిలో సద్దుల బతుకమ్మకు మలీద చేస్తారు, పీర్ల పండుగకూ మలీద చేస్తారు. ఏ పండుగా లేని నాడు, లేవలేని మనిషి మంచం పక్కన కూడా ఆ మలీద ఉండవచ్చునని మేము తెలుసుకున్నాము.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ వ్యాధికి వాడే కొన్ని మందులు రక్షణశక్తిని తగ్గిస్తవి. అట్టివారికి నిలువ ఉన్న తిండి వలన త్వరగా కీడు జరుగుతుంది. వండిన అన్నాన్ని మా ఎండలలో బయట పెట్టి మరునాడు తినడం మంచిది కాదు. రెండు గంటలలోపల ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికే ముగించి, తినేముందు పొగలు వచ్చేటట్లు వేడి చేయాలి. ఫ్రిజ్ లేని ఇంట పొడి సరుకులను మాత్రమే నిలువ చేయడం క్షేమం. భోజనం వెంటనే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఎడం ఇచ్చి, భోజనంలో నిమ్మరసం పిండుకోవడం మేలు.

తిండితో పాటు ఒంటి సంరక్షణ కూడా ఉన్నది. ఉదయం కీళ్లు వదిలే వరకు అమ్మీ ఏ పనీ పెట్టుకోదు. గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ఉంచి, మెల్లగా వేళ్లు ముడిచి తెరుస్తుంది. వంటగదిలో ఒక కుర్చీ వేశాము. నిలబడి వండడమే ఇల్లాలి లక్షణమన్న నియమం ఏ గ్రంథంలోనూ లేదు కదా. గరిటెల పిడులకు గుడ్డ చుట్టి లావుగా చేశాము. సన్నని పిడిని బిగించి పట్టడం వేళ్లకు కష్టం. బరువైన గిన్నెను ఎత్తకుండా, చెంబుతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తుంది. బకెట్ సగమే నింపుతాము. ఇరవై నిమిషాల పని, పది నిమిషాల విశ్రాంతి. అలసిపోయిన తరువాత కాదు, అలసిపోకముందే విశ్రాంతి తీసుకోవాలి. మంచి దినాన కూడా ఈ లెక్క తప్పదు. ఇది నేర్చుకోవడమే ఆమెకు అన్నిటికంటె కష్టమైంది.

ఆమె వాడే ముఖ్యమైన మాత్ర మెథోట్రెక్సేట్. దీనిని వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవాలి. పొరపాటున ప్రతిదినమూ వేసుకుంటే ప్రాణాపాయం. అందుకని వంటగది కాలెండర్‌లో ప్రతి బుధవారం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశాము. మాత్ర వేసుకున్న మరునాడు కడుపులో తిప్పుతుంది. కనుక గురువారం మా ఇంట ముందుగానే ఓపిక లేని దినంగా లెక్క. ఆనాడు వంట మాది. ఎప్పుడు వచ్చిపడుతుందో తెలియని కష్టానికి కొంతవరకైనా తేదీ తెలియడం ఎంత ఊరటయో అనుభవించినవారికే తెలుసు.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష రంజాన్‌లో ఎదురైంది. పదేండ్ల వయస్సు నుండి ఒక్క రోజా విడువని మనిషి మా అమ్మీ. ఆ సంవత్సరం మందుల వేళలు, నీరసం చూసి వైద్యుడు వద్దన్నారు. ఆమె ఎవరి మాటా వినక మూడు రోజాలు ఉన్నది. నాలుగవ నాడు సహరీ వేళ స్పృహ తప్పి పడిపోయింది. మసీదులోని మౌలానా గారు ఇంటికి వచ్చి, పరదా వెనుక ఉన్న ఆమెకు నెమ్మదిగా చెప్పారు. ఖురాన్‌లోని రెండవ సూరాలో ఉపవాసాన్ని విధించిన చోటనే రోగికి, ప్రయాణికునికి మినహాయింపు ఉన్నది. కోలుకుంటే వేరే దినాలలో తీర్చుకోవచ్చును, కోలుకునే ఆశ లేనివారు ఒక్కొక్క దినానికి ఒక పేదవానికి అన్నం పెట్టవచ్చును. 'అల్లా ఇచ్చిన సౌకర్యాన్ని తీసుకోవడం కూడా విధేయతయే, బహెన్' అన్నారాయన. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మమ్మల్ని పిలిచి, 'నేను చెబుతాను, మీరు వండండి' అన్నది.

ఆ నెలంతా అమ్మీ కుర్చీలో కూర్చొని నోటితో వండింది. మా చేతులు ఆమె చేతులైనవి. ఉప్పు ఎప్పుడు వేయాలో, ఖట్టాలో నువ్వులు ఎంత వేగాలో, గటక చెంచాకు ఎంత అంటుకుంటే దించాలో ఆ నెలలోనే మాకు తెలిసింది. ప్రతి సాయంకాలం ఒక గిన్నెడు కిచిడీ మసీదు దగ్గర ఒక పేద వృద్ధునికి చేరేది. దానినే ఆమె తన రోజాగా భావించింది. ఈద్ నాడు ఆమె లేచి కూర్చొని శీర్ ఖుర్మా తాగింది. రొట్టెలు చేయలేదు. ఎవరూ అడగలేదు.

ఈ వంటల వలన వ్యాధి నయమవుతుందని మేము చెప్పడం లేదు. అట్లా చెప్పేవారిని నమ్మవద్దని మా మనవి. ఈ వ్యాధిని అదుపులో ఉంచేది వైద్యమే. ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్లు అంతగా వంకరపోకుండా నిలుస్తవి. ఉదయం వేళ చేతులు బిగుసుకోవడం, కీళ్లు వాయడం కొన్ని వారాలపాటు ఉంటే పొట్లాల పొడులతో కాలం గడపక వైద్యుని చూడాలి. ఇప్పుడు జనగామలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవ్యాధులకు ప్రత్యేక విభాగమే ఉన్నది. కిచిడీ చేసేది చిన్న పని: మందు వేసుకోవడానికి కడుపులో ఆధారం కల్పించడం, మంచం మీద ఉన్న మనిషికి తాను ఇంటికి బరువు కాదన్న ధైర్యమివ్వడం.

చివరగా కమిటీ పెద్దలకు ఒక విన్నపం. దీర్ఘవ్యాధులు అమ్మలకే పరిమితం కావు. ఇన్సులిన్ మీద ఆధారపడినవారు, తలసేమియా వలన రక్తం ఎక్కించుకునేవారు, ఉబ్బసం ఉన్నవారు విద్యార్థులలోనూ ఉంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా వంటి రక్తవ్యాధులను కూడా తన జాబితాలో చేర్చింది. అట్టి విద్యార్థి ఒకనాడు ముఖం వేలవేసుకొని వెనుక బల్ల మీద తల వాల్చితే, అది చదువు మీద అశ్రద్ధ అని తొందరపడి తీర్పు చెప్పవద్దని కోరుతున్నాము. ఒక గదిలో ఒక మంచం, క్యాంటీన్‌లో కారం లేని ఒక గిన్నెడు కిచిడీ, వేళకు తినడానికి పాఠం మధ్యలో ఐదు నిమిషాల అనుమతి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తోటి విద్యార్థులకు చెప్పేది ఇంకా చిన్నది. మీ ఇంట్లో ఉదయం వినబడే చప్పుడు ఏదైనా ఒకనాడు ఆగిపోతే, 'ఎందుకు లేదు?' అని అడగకండి. లేచి వెళ్లి చూడండి.

మొన్న చలికాలం సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తెల్లవారుజామున రొట్టె చప్పుడుకు మెలకువ వచ్చింది. ఉలిక్కిపడి వంటగదిలోకి పరుగెత్తాము. పీట ముందు కూర్చున్నది మా అబ్బా. దర్జీ పనికి అలవాటైన ఆ చేతులలో రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క చిరిగి ఉన్నది. అమ్మీ కుర్చీలో కూర్చొని, చేతులు వేడినీళ్ల గిన్నెలో ఉంచుకొని, 'ఇంకొంచెం నీళ్లు తడపండి' అని చెబుతున్నది. ఆ రొట్టెను నలుగురము పంచుకొని తిన్నాము.